మా అమ్మాయి చదివించిన బొమ్మల పుస్తకాలు



ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి ఓ పావుగంట మాట్లాడమని మన రేడియో వాళ్ళు అడిగినప్పుడు, నేను ఏ నవల గురించో, కథల సంపుటి గురించో చెబుతాననుకున్నారు. "ఈ ఆరు నెలల్లో నేను చదివినవన్నీ కామిక్సేనండీ" అనగానే ఫోనులో ఒక్క క్షణం చప్పుడు లేదు. "అయితే పిల్లల కార్యక్రమంలో పెట్టమంటారా?" అని మెల్లగా అడిగారు. వద్దండీ, నేను మాట్లాడేది అమ్మానాన్నలతోనే, పిల్లలు పక్కన కూర్చుని వింటే ఇంకా మంచిది అన్నాను. వాళ్ళు ఒప్పుకున్నందుకు ముందుగా కృతజ్ఞతలు.

మా ఇంట్లో చాలా ఏళ్ళు ఒక రూలు ఉండేది. శనివారం లైబ్రరీకి వెళ్ళినప్పుడు మా అమ్మాయి ఎన్ని పుస్తకాలైనా తెచ్చుకోవచ్చు, కానీ అందులో బొమ్మలవి రెండుకి మించకూడదు. ఆ రూలు పెట్టింది నేనే. "అది చదవడం కాదమ్మా, చూడడం" అనేవాణ్ణి. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి రూలే ఉంటుందని నాకు తెలుసు. స్పెల్లింగ్ బీలూ, లెక్కల పోటీలూ, శాట్ పరీక్షలూ కళ్ళముందు కనిపిస్తుంటే, పిల్ల సోఫాలో కాళ్ళు ముడుచుకుని బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే మనకు ప్రాణం ఒప్పదు.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, నేను చదవడం నేర్చుకున్నదే బొమ్మల వల్ల. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామ మా ఇంటికి నెలనెలా వచ్చేది. అది వచ్చిన రోజు అక్కా నేనూ కొట్టుకునేవాళ్ళం. చివరికి అక్క గట్టిగా చదివేది, నేను పక్కన చేరి బొమ్మలు చూస్తూ వినేవాణ్ణి. శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడి బొమ్మ కింద ఏ అక్షరాలున్నాయో అక్క వేలు పెట్టి చూపిస్తుంటే నాకు తెలుగు వచ్చింది. మనవాళ్ళకు బొమ్మల కథలు కొత్తేమీ కాదు. కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి గారు 1960ల్లోనే పంచతంత్రాన్ని ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో బొమ్మల కథగా వేశారు. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర చిత్ర కథలయితే ఇండియా వెళ్ళొచ్చిన ప్రతి సూట్‌కేసులోనూ ఆవకాయ సీసాల మధ్య ఒత్తిడికి వంగిపోయి ఈ దేశానికి చేరుతూనే ఉండేవి. అవి మేమూ తెచ్చాం. వాటికి మా రూలు వర్తించదు, ఎందుకంటే అవి "మన సంస్కృతి". మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు వాటిని వరసగా చదివి, "నాన్నా, రాక్షసులందరూ నల్లగా ఎందుకుంటారు?" అని అడిగింది. నేను మాట మార్చాను. ఈ మాట మార్చడం అనే విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. పోయిన వేసవి సెలవుల్లో నాతో బేరం పెట్టింది. "నువ్వు ఒక్కటి, మొత్తం, ఆఖరి పేజీ దాకా చదువు. ఆ తరవాత కూడా అది చదవడం కాదంటే రూలు ఉంచుకుందాం" అంది. లాయరు కూతురు కాదు గానీ లాయరు అయ్యేట్టుంది. సరేనన్నాను.

అది ఇచ్చిన మొదటి పుస్తకం 'అమెరికన్ బార్న్ చైనీస్'. జీన్ లుయెన్ యాంగ్ రాసి, బొమ్మలు వేసిన ఈ పుస్తకం 2006లో వచ్చింది. నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాలోకి ఎక్కిన మొదటి గ్రాఫిక్ నవల ఇదే. 2007లో ప్రింట్జ్ అవార్డు వచ్చింది. మూడు కథలు విడివిడిగా నడిచి చివర్లో ఒకటవుతాయి. ఒకటి చైనా వాళ్ళ పురాణ కథలోని కోతి రాజుది. రెండోది తెల్లపిల్లల బడిలో చేరిన జిన్ అనే కుర్రాడిది. మూడోది డానీ అనే అమెరికన్ కుర్రాడింటికి ఏటా చుట్టపుచూపుగా వచ్చి పరువు తీసే బంధువుది.

కోతి రాజు దేవతల విందుకు వెళతాడు. కాళ్ళకు చెప్పులు లేవని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. వాడు కోపంతో అందర్నీ చితకబాది తన కొండకు తిరిగొస్తాడు. అప్పుడు మొదటిసారిగా తన గదిలో కోతి వాసన వాడి ముక్కుకు తగులుతుంది. అంతకుముందు కూడా ఆ వాసన ఉంది, కానీ వాడికి తెలియలేదు. ఆ ఒక్క పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు పులిహోర డబ్బా అలాగే తిరిగి తెచ్చి, "రేపటినించీ సాండ్‌విచ్ పెట్టు" అంది. పిల్ల రుచులు మారుతున్నాయి అనుకున్నాం. మా ఆవిడ పీనట్ బటర్ కొనుక్కొచ్చింది. ఇన్నేళ్ళ తరవాత ఈ పుస్తకం చదివి, "ఆ రోజు బళ్ళో ఏమైందమ్మా?" అని అడిగాను. "ఇప్పుడు అడుగుతున్నావా నాన్నా?" అని నవ్వేసి, తరవాత చెప్పింది. ఏం జరిగిందో దాని అనుమతి లేకుండా రేడియోలో చెప్పను. మీరు ఊహించుకోగలరు.

ఈ పుస్తకంలో నాకు ఇబ్బంది కలిగించిన భాగం కూడా ఉంది. ఆ బంధువు పాత్ర ఉంది చూశారూ, చైనావాళ్ళ మీద అమెరికాలో వేసిన వెటకారాలన్నీ కలిపి ఒక మనిషిని చేసినట్టుంటాడు. అతను కనిపించినప్పుడల్లా బొమ్మల కింద టీవీలో వినిపించే నవ్వులు అక్షరాల్లో పరుచుకుని ఉంటాయి. చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. కానీ రచయిత కావాలనే మండిస్తున్నాడు. మీ పిల్లలు పన్నెండేళ్ళ లోపు వాళ్ళయితే పక్కన కూర్చుని చదవండి, వెటకారాన్ని వెటకారంగానే తీసుకుంటారేమో అని నా భయం.

రెండో పుస్తకం 'పాష్మినా'. నిధి చనానీ 2017లో వేసింది. ఆమె కలకత్తాలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగింది. కథలో ప్రియాంక అనే అమ్మాయిని తల్లి ఒక్కతే పెంచుతుంటుంది. ఇండియా ఎందుకు వదిలి వచ్చావు, నాన్న ఎవరు అని అడిగితే తల్లి నోరు విప్పదు. ఒకరోజు పెట్టెలో ఒక శాలువా దొరుకుతుంది. ప్రియాంక మామూలు జీవితమంతా నలుపు తెలుపుల్లో ఉంటుంది. శాలువా కప్పుకోగానే పేజీలన్నీ రంగులు. ఏనుగూ నెమలీ మాట్లాడుతూ ఇండియా అంతా తిప్పి చూపిస్తాయి. అది పర్యాటక శాఖ వాళ్ళ కాలెండరు ఇండియా. నిజం ఇండియా చూడాలంటే విమానం ఎక్కాల్సిందే. కథ చివరికి వచ్చేసరికి కాస్త హడావుడిగా ముగిసిందని నాకనిపించింది, శాలువా మహిమ చేయాల్సిన పనికంటే ఎక్కువే చేసింది. అయినా మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లకు మొదటి పుస్తకంగా ఇవ్వడానికి ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు.

ఆ పుస్తకం మూసి నేను, "బాగానే ఉందమ్మా" అన్నాను. అది వదల్లేదు. "నాన్నా, నువ్వూ ఇంతే కదా. ఊరి గురించి అడిగితే మామిడి తోటా, చెరువూ చెబుతావు. అత్తయ్య ఎందుకు చదువుకోలేదో చెప్పవు" అంది.

అత్తయ్య అంటే మా అక్క. నాకు చందమామ చదివి వినిపించిన అక్క. మా అమ్మాయి ఇండియా వెళ్ళిన ప్రతిసారీ దానికి జడ వేసేదీ, సున్నుండలు కట్టి ఇచ్చేదీ ఆవిడే. అంతకుముందొకసారి మా అమ్మాయి ఇదే ప్రశ్న అడిగితే, "అత్తయ్యకి చదువంటే ఇష్టం ఉండేది కాదమ్మా" అని చెప్పాను. ఈసారి కూడా అదే చెప్పాను.

మూడో పుస్తకం 'మౌస్'. దీని పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. ఆర్ట్ స్పీగల్‌మన్ తన తండ్రి కథ వేశాడు. మొదటి భాగం 1986లో, రెండోది 1991లో పుస్తకాలుగా వచ్చాయి. 1992లో పులిట్జర్ వాళ్ళు ప్రత్యేక బహుమతి ఇచ్చారు. ఇందులో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. హిట్లరు కాలంలో పోలండులో యూదులు పడిన బాధలు, ఆష్విట్జ్ మృత్యు శిబిరం, అందులోంచి ప్రాణాలతో బయటపడిన తండ్రి వ్లాడెక్. ముసలివాడై న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉంటాడు. కొడుకు టేపు రికార్డరు పట్టుకుని వెళ్ళి కూర్చుంటే, ఆయన వ్యాయామం సైకిలు తొక్కుతూ కథ చెబుతాడు.

ఎలుకా పిల్లీ అంటే టామ్ అండ్ జెర్రీ అనుకునేరు. రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. అయితే నన్ను పట్టుకున్నది శిబిరం ఒక్కటే కాదు, క్వీన్స్‌లోని ఆ ఇల్లు కూడా. ఆ తండ్రి పరమ పిసినారి. సగం తిన్న సీరియల్ డబ్బాని కొట్టుకు తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేస్తాడు. కోడలు దారిలో ఒక నల్లజాతి మనిషిని కారెక్కించుకుంటే, వాడు దొంగతనం చేస్తాడేమోనని అల్లాడిపోతాడు. నిన్ను అంత హింసించినవాళ్ళు నీ గురించి అన్న మాటలే నువ్వు వీళ్ళ గురించి అంటున్నావే అని కోడలు నిలదీస్తే కూడా ఆయన బుర్రకెక్కదు. మన శనివారం భోజనాల పార్టీలలో గారెలు తింటూ మనం ఇతర జాతుల వాళ్ళ గురించి మాట్లాడే మాటలు గుర్తొచ్చాయి నాకు. బాధపడ్డంత మాత్రాన మనుషులు మంచివాళ్ళయిపోరని ఇంత సూటిగా, అదీ కన్నతండ్రి గురించి చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

ఇంకొకటి. ఆ తల్లి కూడా శిబిరంలోంచి బతికి బయటపడింది. 1968లో ఆత్మహత్య చేసుకుంది. తను పడిందంతా నోటుపుస్తకాల్లో రాసి పెట్టుకుంది, కొడుకు పెద్దయ్యాక చదువుతాడని. కొడుకు ఆ పుస్తకాలు ఏవని తండ్రిని అడుగుతూనే ఉంటాడు. ఆయన ఇవాళ, రేపు అంటాడు. మొదటి భాగం చివర్లో బయటపెడతాడు, వాటిని తనే కాల్చేశానని. భార్య పోయిన దుఃఖంలో ఆ జ్ఞాపకాలు భరించలేక కాల్చాడు, దుర్మార్గం వల్ల కాదు. కానీ ఆమె కథ ఆమె మాటల్లో ఇక ఎవరికీ దొరకదు. కొడుకు తండ్రిని ఏమని తిడతాడో పుస్తకంలోనే చదవండి.

అది చదివిన రాత్రి నాకు తట్టింది, నేనూ అదే పని చేశాను కదా అని. ఆడమనిషి కథ ఒకటి ఉంది, అది నా దగ్గర ఉంది, పిల్ల అడుగుతోంది. నేను "ఇష్టం ఉండేది కాదు" అనే ఒక్క ముక్కతో దాన్ని కాల్చేస్తున్నాను.

ఈ 'మౌస్'ని టెన్నెసీ రాష్ట్రంలో మెక్‌మిన్ కౌంటీ బడుల బోర్డు 2022 జనవరిలో ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసింది. కొన్ని బూతు మాటలూ, ఒక నగ్నచిత్రమూ ఉన్నాయని వాళ్ళ అభ్యంతరం. ఆ వార్త వచ్చాక పుస్తకం ఎగబడి అమ్ముడుపోయింది. నా అభిప్రాయం అడిగితే, ఎనిమిదో తరగతి వాళ్ళకు ఇవ్వొచ్చు, కానీ ఒంటరిగా వదలకూడదు. పిల్లల కంటే ముందు మీరు చదవండి.

నాలుగోది 'ది బెస్ట్ వి కుడ్ డూ', థీ బుయి అనే ఆవిడ 2017లో తెచ్చింది. ఆవిడ 1975లో సైగాన్‌లో పుట్టింది, 1978లో కుటుంబమంతా పడవెక్కి వియత్నాం నుంచి పారిపోయారు. పుస్తకం ఆవిడ తన కొడుకును కనే ఆసుపత్రి గదిలో మొదలవుతుంది. తను తల్లయ్యాక గానీ తన తల్లిదండ్రులు ఒకప్పుడు చిన్నపిల్లలని ఆవిడకు తోచలేదు. అప్పుడు వాళ్ళను అడగడం మొదలుపెట్టింది. తండ్రి ఎందుకు ఎప్పుడూ చీకట్లో సిగరెట్టు కాలుస్తూ కూర్చునేవాడు, పిల్లలను ఎందుకు భయపెట్టేవాడు అన్న ప్రశ్నకు జవాబు ఆయన చిన్నతనంలో, ఆకలిలో దొరుకుతుంది. పుస్తకమంతా ఇటుకపొడి కలిపిన నీళ్ళ రంగులో ఉంటుంది. మనం యుద్ధాల నుంచి పారిపోయి రాలేదు, చదువుకుని వీసా స్టాంపు వేయించుకుని వచ్చాం. అయినా ఇంట్లో మనం ఊరికే చిరాకుపడేదాని వెనక, లైటు ఆర్పలేదని కేకలేసేదాని వెనక ఏముందో మన పిల్లలకు ఎవరు చెప్పాలి?

ఐదోది ఇండియా నుంచి తెప్పించుకున్నాం, 'భీమాయణ'. 2011లో నవయాన వాళ్ళు వేశారు. అంబేద్కర్ చిన్నతనం, ఆయన ఎదుర్కొన్న అంటరానితనం కథ. రచన శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారుల జంట వేశారు. మామూలు కామిక్స్‌లో ఉండే గళ్ళు ఇందులో ఉండవు. మనుషుల్ని పెట్టెల్లో బంధించం అని వాళ్ళు పట్టుబట్టారట. మెత్తని మాటలు మాట్లాడేవాళ్ళ మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. విషం కక్కే మాటలకు తేలు కొండి ఉంటుంది. బళ్ళో మిగతా పిల్లల్లాగా కుండ ముట్టుకుని నీళ్ళు తాగలేని పిల్లవాడు, రైలు స్టేషనులో దిగితే కులం తెలిసి బండి కట్టడానికి ఎవరూ రాని పిల్లవాడు, 1913లో మన న్యూయార్క్‌కే వచ్చి కొలంబియా యూనివర్సిటీలో చేరాడు. మా అమ్మాయికి కొలంబియా అంటే కాలేజీ లిస్టులో ఒక పేరు. ఇప్పుడు ఇంకో అర్థం తెలిసింది.

"ఇలాంటివి నువ్వు చూశావా?" అని అడిగింది. చూశాను. మా ఊరి టీ కొట్టులో రెండు రకాల గ్లాసులు ఉండేవి. కొందరు తమ గ్లాసు తామే కడిగి చూరులో పెట్టి వెళ్ళేవాళ్ళు. నేను రోజూ ఆ కొట్టు ముందునుంచి బడికి వెళ్ళాను, ఏనాడూ ఎందుకని అడగలేదు. ఆ మాట మాత్రం చెప్పాను. మామిడితోట పక్కనే ఆ టీ కొట్టు కూడా ఉందని దానికి పద్నాలుగేళ్ళకు తెలిసింది.

ఇక్కడే ఇంకో కామిక్ గురించి ఒక మాట. 'ప్రియాస్ శక్తి' 2014 డిసెంబరులో వచ్చింది. దీనికి మూలపురుషుడు న్యూయార్క్‌లో ఉండే సినిమా దర్శకుడు రామ్ దేవినేని. ఇంటిపేరు వినగానే మీ చెవులు నిక్కబొడుచుకున్నాయని నాకు తెలుసు! 2012 డిసెంబరులో ఢిల్లీ అత్యాచారం మీద జనం రోడ్లెక్కినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడట. అత్యాచారానికి గురైన ప్రియ అనే పల్లెటూరి అమ్మాయిని సొంత ఇంటివాళ్ళే తప్పుపట్టి వెళ్ళగొడతారు. పార్వతీదేవి అండతో ఆమె పులినెక్కి ఊళ్ళోకి తిరిగొస్తుంది. ఇంటర్నెట్టులో ఉచితంగా ఇచ్చారు. నిజం చెప్పొద్దూ, దేవుళ్ళు రంగంలోకి దిగాక కథ నాకు పలచబడింది, అమర చిత్ర కథ వాసన వేసింది. కానీ పులినెక్కడానికి ముందు, ఇంట్లోవాళ్ళు "నోరు మూసుకో" అనే ఆ రెండు పేజీలున్నాయి చూశారూ, అవి మాత్రం మనవే.

ఆఖరిది 'దే కాల్డ్ అస్ ఎనిమీ', 2019. స్టార్ ట్రెక్‌లో సులూ వేషం వేసిన జార్జ్ టకేయ్ తన చిన్నతనం గురించి చెప్పాడు. జస్టిన్ ఐసింగర్, స్టీవెన్ స్కాట్ కలిసి రాశారు, హార్మనీ బెకర్ బొమ్మలు వేసింది. 1942లో జపానుతో యుద్ధమని చెప్పి, లక్షా ఇరవై వేలమంది జపాను సంతతి వాళ్ళను ఈ దేశంలోనే ముళ్ళకంచెల వెనక పెట్టారు. చాలామంది ఇక్కడ పుట్టిన పౌరులే. ఐదేళ్ళ జార్జిని కుటుంబంతో సహా ముందు గుర్రాల పందేల మైదానంలో, గుర్రాల సాలలో ఉంచారు. తరవాత ఆర్కాన్సాకు తీసుకెళ్ళారు. 1988లో గానీ ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్ళకు తలా ఇరవై వేల డాలర్లు ఇవ్వలేదు.

మిగతా పుస్తకాలకూ దీనికీ ఒక తేడా ఉంది. ఈ తండ్రి దాచలేదు. జార్జి పెద్దవుతుంటే రాత్రి భోజనాల తరవాత కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాడు. ఆవేశంలో ఉన్న కొడుకు, నువ్వు మమ్మల్ని గొర్రెల్లా తోలుకెళ్ళావు, ఎదురుతిరగలేదేం అని తండ్రిని నిలదీశాడు. తండ్రి, నువ్వన్నది నిజమేనేమో అన్నట్టు లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ మాటకు కొడుకు క్షమాపణ అడగనే లేదు. తండ్రి పోయాడు. ముసలితనంలో ఆ బాధ చెప్పుకున్నాడు. అంతా చెబితే పిల్లలు మనల్ని తప్పుపట్టొచ్చు. ఆ భయం వల్లే మనం చెప్పం. కానీ ఆ తండ్రి చెప్పబట్టే కొడుకు దగ్గర ఒక కథ మిగిలింది, దేశానికి ఒక పుస్తకం మిగిలింది.

ఆ పుస్తకం అయిపోయిన ఆదివారం మా అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టాను. "అత్తయ్య గురించి నేను చెప్పింది అబద్ధం" అన్నాను.

మా ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. హైస్కూలుకి పక్క ఊరు వెళ్ళాలి. ఆ ఏడు మిరప తోట దెబ్బతింది. ఫీజులకూ, బస్సుకూ, పుస్తకాలకూ ఒక్కరికే డబ్బులు వస్తాయన్నాడు మా నాన్న. అక్క అప్పటికే ఏడు పాసయ్యింది, మార్కుల్లో ఊరికి ఫస్టు. నేను ఐదులో ఉన్నాను. నా కోసం రెండేళ్ళు డబ్బు దాస్తే నేను హైస్కూలుకి వెళ్ళొచ్చని తీర్మానించారు. ఆడపిల్లకు ఎందుకులే అన్నారు. అక్క ఏడవలేదు, కనీసం నేను చూస్తుండగా ఏడవలేదు. మరుసటి వారం నుంచి కూలికి వెళ్ళింది. ఆ డబ్బుల్లోంచే నా లెక్కల పుస్తకం కొన్నారు. హైస్కూలు, కాలేజీ, ఈ దేశం, ఈ ఇల్లు, అన్నీ అక్కడినుంచి వచ్చాయి.

మా అమ్మాయి నన్నేమీ అనలేదు. "నువ్వు ఎప్పుడైనా అత్తయ్యకి థాంక్స్ చెప్పావా?" అని మాత్రం అడిగింది. చీరలు కొనిపెట్టాను, డబ్బులు పంపాను. ఆ మాట మాత్రం చెప్పలేదు.

అది ఊరుకుంటుందా? ఆ రాత్రే ఫోను చేసింది. వచ్చీరాని తెలుగులో, "అత్తయ్యా, నీకు స్కూలంటే ఇష్టమేనా?" అని అడిగింది. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తరవాత మా అక్క చెప్పడం మొదలుపెట్టింది. గంటా పది నిమిషాలు. మాస్టారి పేరు, బెంచీలో తన పక్కన కూర్చున్న పిల్ల పేరు, ఏడో తరగతి లెక్కల్లో తొంభై ఆరు మార్కులు, చెట్టు కింద తను చదివిన పద్యం, అన్నీ చెప్పింది. నాకు తెలియనివే ఎక్కువ. చివర్లో ఫోను నాకిమ్మంది. "ఏంట్రా, పిల్లకి ఇప్పటిదాకా చెప్పలేదా? నేను చదవలేనిదాన్ననుకుందా ఇన్నాళ్ళూ?" అంది. ఆ గొంతులో కోపం లేదు. కానీ ఆ ప్రశ్న దగ్గర నేను తలెత్తలేకపోయాను. క్షమించమన్నాను. "పోనీలే, ఇప్పుడు చెప్పావుగా" అంది. ఆవిడ అంత తేలిగ్గా వదిలేసింది గానీ, నేను వదల్లేకపోతున్నాను.

ఇప్పుడు మా అమ్మాయి ఆ కథను బొమ్మలుగా వేస్తోంది. పన్నెండు పేజీలు అయ్యాయి. చెట్టు కింద బడి ఎలా ఉంటుందో, మిరపకాయలు ఎలా ఆరబోస్తారో వారం వారం అత్తయ్యనే అడుగుతుంది. దాని తెలుగు నేను పంపిన ఏ ఆదివారం బడిలోనూ ఇంతగా బాగుపడలేదు. రూలు సంగతి అడక్కండి, ఎప్పుడో ఎత్తేశాం.

చివరిగా మీకు రెండు మూడు మాటలు. ఇక్కడి లైబ్రరీల్లో ఈ పుస్తకాలు చాలావరకు దొరుకుతాయి, మీ ఊళ్ళో లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించి పెడతారు, డెస్కు దగ్గర అడగండి. చిన్నపిల్లలకు 'పాష్మినా'తో మొదలుపెట్టండి, మిడిల్ స్కూలు వాళ్ళకు 'అమెరికన్ బార్న్ చైనీస్', టకేయ్ పుస్తకం. మిగతావి కాస్త పెద్దయ్యాక. బొమ్మలే కదా అని తీసిపారేసే పెద్దలకు ఒక్క సంగతి. పిల్లల సాహిత్యంలో అన్నిటికంటే పేరున్న న్యూబరీ మెడల్ 2020లో మొదటిసారిగా ఒక గ్రాఫిక్ నవలకు, జెర్రీ క్రాఫ్ట్ వేసిన 'న్యూ కిడ్'కి ఇచ్చారు. ఆ పుస్తకం ఇప్పుడు మా బల్ల మీద ఉంది, ఇంకా మొదలుపెట్టలేదు.

చైనా వాళ్ళ పిల్లలు, వియత్నాం వాళ్ళ పిల్లలు, జపాను వాళ్ళ పిల్లలు వాళ్ళ అమ్మానాన్నల కథలు వేశారు. రేపు మన పిల్లలూ వేస్తారు. మామిడి తోట ఒక్కటే చెబితే మామిడి తోట ఒక్కటే వేస్తారు. మిగతాది కూడా చెప్పండి. మీ అక్కలు, అమ్మలు, నాన్నలు ఫోను ఎత్తగలిగే రోజుల్లోనే పిల్లల చేత అడిగించండి.

 ఈ కార్యక్రమం ఇంటర్నెట్టులో మా అక్క కూడా వింటుందట. అక్కా, థాంక్స్. సెలవు.